పట్టాలపోటు

డబ్లిన్‌లో ఉన్న తొమ్మిదేళ్ళలో మా ఆవిడ నన్ను ఒక్కసారి కూడా “ఎప్పుడు తీసుకెళ్తారు?” అని అడగలేదు. మొగుణ్ణి విసిగించని ఇల్లాలు దొరికిందని అప్పట్లో లోలోపల మురిసిపోయేవాణ్ణి. అందులో నా గొప్పేమీ లేదనీ, అదంతా మా ఇంటికి నాలుగు నిమిషాల నడకలో ఆగే ట్రామ్ చలవేననీ తెలిసొచ్చేసరికి ఆ ట్రామ్ మాకు లేకుండా పోయింది. పోగొట్టింది నేనే. తప్పు మోపడానికి ఇంకో మనిషి కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఆ ఊళ్ళో ట్రామ్‌ని లువాస్ అంటారు. వెండిరంగులో ఉంటుంది. ఎంత పొడుగంటే ముందు పెట్టెలో కూర్చున్నవాళ్ళ మీద వాన, చివరి పెట్టెలో వాళ్ళ మీద ఎండ. బస్సులా అరవదు, రైల్లా ఉరమదు. గుడికి ఆలస్యంగా వచ్చినవాడు కొట్టినట్టు మొహమాటంగా ఒక గంట కొట్టి, వచ్చి ఆగుతుంది.

మా ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఫిట్స్. మందులతో అదుపులోనే ఉంటాయి గానీ పూర్తిగా వదిలిపెట్టవు. గుంటూరులో పుట్టింటివాళ్ళు పక్కవీధి టైలర్‌కి జాకెట్టు ఇచ్చి రావడానిక్కూడా ఎవరో ఒకర్ని తోడు పంపేవారు. కాలేజీకి పిన్ని, సినిమాకి మేనత్త, గుడికైతే సగం వీధి. పెళ్ళయ్యాక ఆ డ్యూటీ నాకు అప్పజెప్పారు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే మా మామగారు మాత్రం కళ్ళు తుడుచుకుని నా చెవిలో, “ఒంటరిగా గుమ్మం దాటనివ్వకండి” అన్నారు. కంపెనీ కొత్త ఉద్యోగికి పాస్‌వర్డు చెప్పినట్టు చెప్పారు. అలా ముప్ఫై మూడేళ్ళు వచ్చేదాకా ఆవిడ ఏ రోడ్డు మీదా ఒంటరిగా నడిచి ఎరగదు.

డబ్లిన్‌కి వచ్చిన మొదటి నెల రోజూ స్టాపు దాకా వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, వచ్చే బండ్లూ పోయే బండ్లూ చూసి వచ్చేసేది. రెండో నెల ఒకరోజు ఎక్కి, ఒక్క స్టాపు వెళ్ళి, దిగి, భయపడి నడిచి వచ్చేసింది. మర్నాడు రెండు స్టాపులు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ లైను ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఆవిడ ఎక్కని బండి లేదు, పలకరించని డ్రైవర్ లేడు. నాలుగు స్టాపుల అవతల ఒక క్రెష్‌లో ఉద్యోగం కూడా సంపాదించింది. రెండేళ్ళ పిల్లలు ముక్కు కారుస్తూ ఐరిష్ యాసలో కబుర్లు చెప్తుంటే వాళ్ళకి అన్నం తినిపించే పని.

ఒకసారి ట్రామ్‌లోనే ఫిట్స్ వచ్చాయి. ఒకావిడ కోటు విప్పి మడిచి తల కింద పెట్టిందట. ఇంకొకాయన బండి ఆపించాడట. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద ముగ్గురు ముసలివాళ్ళ మధ్య కూర్చుని టీ తాగుతోంది.

“రేపట్నుంచి నేనే కారులో దింపుతా” అన్నాను.

“ఎందుకండీ? పడింది నేను. ట్రామ్ ఏం పడిపోలేదుగా” అంది.

మర్నాడు నేను లేచేసరికి మంచం మీద లేదు. ఏడుంబావు బండికి వెళ్ళిపోయింది.

కారు నడపడం మాత్రం కుదర్లేదు. అక్కడి చట్టం ప్రకారం ఫిట్స్ రాకుండా ఏడాది గడవాలి. మా ఆవిడ ఒంట్లో ఎక్కడో ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. పది నెలలు నోరెత్తడు. పదకొండో నెల రాగానే ఫిట్స్ మంజూరు చేస్తూ టంచనుగా సంతకం పెట్టేస్తాడు. మళ్ళీ ఒకటినుంచి లెక్క. మూడుసార్లు అలా అయ్యాక ఆవిడ లెర్నర్ పుస్తకం తీసి ప్రెస్‌లో పైఅరలో పెట్టేసింది. అక్కడ వంటింటి అల్మరాని ప్రెస్ అంటారు. “పోనీలెండి, నాకు ట్రామ్ ఉంది” అంది. నిజంగానే బాధపడకుండా అంది.

ఇంతలో ఊరికి కంప్యూటర్ల జ్వరం పట్టుకుంది. మా ఆఫీసు చుట్టూ ఎన్ని క్రేన్లు లేచాయంటే పక్షులు పక్కదారి చూసుకోవాల్సి వచ్చింది. ప్రతి సోమవారం ఒక కొత్త అద్దాల మేడ, ప్రతి మంగళవారం అందులోకి హైదరాబాదు నుంచి ఒక విమానం నిండా కుర్రాళ్ళు. అందరికీ లువాస్ పక్కనే ఇల్లు కావాలి. సరిగ్గా ఆ సమయంలో మా ఇంటి ఓనర్ ఉత్తరం రాశాడు: ఇల్లు అమ్మేస్తున్నాను, లీజు అయిపోగానే ఖాళీ చెయ్యండి.

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే క్యూ వీధి మలుపు తిరిగి, ఆ పక్క వీధిలో ఇంకో ఇంటి కోసం నిలబడ్డ క్యూలో కలిసిపోయేది. ఒకచోట నా ముందు నిలబడ్డ అబ్బాయీ అమ్మాయీ క్యూలోనే పరిచయమై, లోపలికి వెళ్ళేసరికి భార్యాభర్తలం అని ఫారం నింపారు. వాళ్ళకి ఇల్లు దొరికింది కూడా. నాకు దొరకలేదు. అద్దెకి దొరికేట్టు లేదు, కొనేద్దాం అనుకున్నాం. బ్యాంకువాళ్ళు కూడా నా మొహం చూసి, మా ఆవిడ మొహం చూసి, రెండోది చూసే కాబోలు, సరేనన్నారు.

ఇల్లు మా ఆవిడే పట్టింది. ట్రామ్ కిటికీలోంచి ‘అమ్మకానికి’ అన్న బోర్డు చూసి, తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి, తలుపు కొట్టింది. అక్కణ్ణుంచే ఫోను.

“ఏవండీ, ఇల్లు దొరికింది. అమ్మాయిని తీసుకుని వచ్చెయ్యండి. వచ్చి కొలతలూ గిలతలూ మొదలెట్టకండి. చూడండి, అంతే.”

మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం డబ్లిన్‌లోంచి వస్తుంది.

ఇంటావిడకి ఎనభై దాటాయి. వెక్స్‌ఫర్డ్‌లో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని, అక్కడికి వెళ్ళి ఉండిపోవాలని ఇల్లు అమ్ముతోంది. ఆవిడ మాట్లాడిన దాంట్లో నాకు అర్థమైనంత నేనూ, కానిది మా అమ్మాయీ కలిపి రాసుకుంటే ఇదీ కథ. వాళ్ళ నాన్న పాతకాలం ట్రాముల్లో కండక్టరు. ఊరంతా తీగలు కట్టుకుని రెండంతస్తుల ట్రాములు తిరిగేవట. పాతబడ్డాయి, బస్సులే నాగరికం అని ఒక్కొక్క లైనే పీకేశారు. ఆఖరి బండి నడిచిన రోజున ఎక్కినవాళ్ళంతా దిగేటప్పుడు చేతికందినది పీక్కుపోయారట. బల్బులు, సీట్లు, బోర్డులు, చివరికి మెట్ల పక్క కమ్మీ కూడా. షెడ్డుకి చేరేసరికి దాన్ని మళ్ళీ పీకక్కర్లేకుండా పోయింది. ఇంటి ముందునుంచి ఒక రైలు కూడా వెళ్ళేదట. తర్వాత అదీ తీసేశారు. ఆ గట్టు మీద ముళ్ళకంపలు మొలిచాయి. “నలభై ఏళ్ళు అక్కడ బ్లాక్‌బెర్రీలు ఏరుకుని జామ్ చేశాను. ఇప్పుడు మళ్ళీ అదే గట్టు మీద ట్రామ్ వేశారు. పీకేటప్పుడు ఎవర్నీ అడగలేదు. వేసేటప్పుడు మాత్రం మా పిల్లితో సహా అందరి అభిప్రాయం తీసుకున్నారు” అని నవ్వింది.

తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పాత ట్రామ్ ఉంది. సగం. వాళ్ళ నాన్న దాన్ని ఎక్కణ్ణుంచో గుర్రబ్బండి మీద తెచ్చి పెట్టుకున్నాడట, తోట సామాను దాచుకోవడానికి. రంగు పోయి, చెక్క నల్లబడింది. లోపల పారలూ పూలకుండీల మధ్య నాలుగు చెక్క సీట్లు. మా ఆవిడ తిన్నగా లోపలికి వెళ్ళి, సీటు వీపుని పట్టుకుని ఇటునుంచి అటు తిప్పి, కూర్చుంది. ఆ సీట్లు అలాగే తయారుచేశారట. బండి లైను చివరికి చేరాక వెనక్కి తిరగదు, కండక్టరు అన్ని సీట్ల వీపులూ ఇటువైపు తోసుకుంటూ వస్తాడు, వెనక ముందవుతుంది. మా ఆవిడకి అది ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు.

ముసలావిడ పైన వేలాడే తోలుతాడు చూపించి, “లాగు. ఒకసారి లాగితే ఆగమని. రెండుసార్లు లాగితే పోనియ్యమని” అంది.

మా ఆవిడ రెండుసార్లు లాగింది. తుప్పు పట్టిన గంట టింగ్, టింగ్ అంది. మా అమ్మాయి ఫోటో తీసింది. పెళ్ళిలో నాలుగు వందల ఫోటోలు తీయించాను, ఆవిడ అలా నవ్విన ఫోటో వాటిలో ఒక్కటీ లేదు.

ముసలావిడ నావైపు తిరిగింది. “వచ్చినవాళ్ళందరూ ఈ షెడ్డు ఎప్పుడు తీయించేస్తారు అనే అడిగారు. మీ ఆవిడ వచ్చి కూర్చుంది. ఏజెంటు రోజూ ఇంకో జంట పేరు చెప్తున్నాడు. శుక్రవారం లోపల సరేనని ఒక్క మాట చెప్పు. ఇంకెవర్నీ గుమ్మం ఎక్కనివ్వను.”

అప్పుడే సరేనని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. ముందుకి చూశాను. దూరంగా గట్టు మీద ట్రామ్ వస్తోంది. తిన్నగా వస్తోంది. గేటుకీ, గుమ్మానికీ, నా రొమ్ముకీ సూటిగా, గీత గీసినట్టు వస్తోంది. గేటుకి ఓ యాభై అడుగుల దూరంలో పట్టాలు ఎడమకి వంపు తిరుగుతాయి, నిజమే. కానీ ఆ వంపు నా కంటికి ఆనలేదు. ఇంటి మీదికి సూటిగా వచ్చే దారే కనిపించింది. వీధిపోటు!

నేను వాస్తు నమ్మను. ఆ మాట మొదట్నుంచీ అందరికీ చెప్తూనే ఉన్నాను. మా ఆఫీసులో నాలాగే నమ్మని తెలుగువాళ్ళం ఏడుగురం ఉండేవాళ్ళం. ఏడుగురికీ తూర్పు గుమ్మాలే. పైగా నా ఉద్యోగం టెస్టింగు. నిక్షేపంలా పనిచేస్తున్న ప్రోగ్రాము ముందు కూర్చుని, ఇది ఎక్కడ చెడుతుందా అని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి. “ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూద్దాం” అన్న మాట మీదే నా జీతం నడుస్తోంది. ఇంట్లో ఒక ఆరోగ్యం బాగాలేని మనిషి ఉంది. రేపు ఏదైనా అయితే వీధిపోటు ఉన్న ఇల్లు కొన్నావని గుంటూరు మొత్తం నన్నే అంటుంది. ఎందుకైనా మంచిది, ఒక్కసారి అడుగుదాం.

“డాడ్, ఇట్స్ ఎ ట్రామ్. ఇట్ టర్న్స్” అంది మా అమ్మాయి, నా చూపు ఎక్కడుందో కనిపెట్టి.

“నీకు తెలీదు, ఊరుకో” అన్నాను.

మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ అప్పటికే ఏ గదికి ఏ కర్టెనో అనుకుంటోంది.

మా పెళ్ళి ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు తెనాలిలో ఉంటారు. మంగళవారం పొద్దున ఫోను చేస్తే కోడలు తీసింది. మావయ్యగారు పూజలో ఉన్నారు. గంటాగి చేస్తే మావయ్యగారు భోంచేస్తున్నారు. ఇంకో గంటాగితే కునుకు తీస్తున్నారు. ఆయన లేచేసరికి నేను మీటింగులో ఉన్నాను. ఐర్లండుకీ తెనాలికీ మధ్య నాలుగున్నర గంటల తేడా ఉంటుందంటారు గానీ ఆయనకీ నాకూ మధ్య ఒక యుగం తేడా ఉంది. బుధవారం దొరికారు.

“వీధిపోటు అంటున్నావు, వీధి ఎంత వెడల్పు?” అన్నారు.

“వీధి కాదండీ, ట్రామ్ పట్టాలు.”

“ట్రామంటే?”

“కరెంటు మీద నడిచే చిన్న రైలండీ.”

“ఇంటి ముందు రైలేమిటి నాయనా? సరే, ఇల్లు ఏ దిక్కు, పట్టాలు ఏ దిక్కునుంచి వస్తున్నాయి, డిగ్రీలతో సహా కొలిచి పంపు. ఊరికే ఫోన్లో చెప్పడానికి ఇది పెసరట్టు కాదు.”

గురువారం ఆఫీసు ఎగ్గొట్టి ఆ గేటు ముందు ఫోన్లో దిక్సూచి పట్టుకుని నిలబడ్డాను. గుమ్మం ముఖం తూర్పు అని చూపించింది. సంతోషంగా రాసుకునేలోపు ట్రామ్ వచ్చింది. ముల్లు పూనకం వచ్చినట్టు ఊగి ఆగ్నేయం మీద ఆగింది. బండి పోయాక తూర్పు. బండి వస్తే ఆగ్నేయం. ఆ తీగల్లో పోయే కరెంటు మహత్యం. నేను టెస్టర్ని కదా, రెండూ రాసి, ఫోటోలు జతచేసి పంపాను. దారినపోయే ఒకాయన కాసేపు నన్ను చూసి, గార్డులకి కబురు చెయ్యాలా అని ఆలోచిస్తున్నట్టుంటే, పోలీసులతో ఎందుకని వచ్చేశాను.

సిద్ధాంతిగారి కోడలు మెసేజి పెట్టింది: ‘ఒక ఇంటికి రెండు ముఖాలు ఉండవని మావయ్యగారు చెప్పమన్నారు. ఆయన శని ఆదివారాలు పెళ్ళిళ్ళకి వెళ్తున్నారు. మంగళవారం చూసి చెప్తారట.’

శుక్రవారం ఆఫీసు వరండాలోంచి ముసలావిడకి ఫోను చేశాను.

“చెప్పు. మీ ఆవిడ ఏమంటోంది?” అంది.

“తనకి చాలా ఇష్టమండీ. నాకే ఒక చిన్న విషయం తేలాలి.”

“ఏమిటది?”

వీధిపోటుని ఇంగ్లీషులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. “ఇంజనీరింగు విషయం” అన్నాను.

“ఇల్లు గట్టిదే. మా నాన్న కట్టించాడు.”

“మంగళవారం చెప్తానండీ. తప్పకుండా.”

అవతల గోడగడియారం కొట్టుకోవడం వినిపించింది. తర్వాత ఆవిడ మెల్లగా, “గ్రాండ్” అంది. ఆ దేశంలో టీ బాగుంటే గ్రాండ్, కాలు విరిగితే గ్రాండ్. బాగానే ఉందనుకుని ఫోను పెట్టేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ, “ఆవిడకి చెప్పేశారా?” అంది.

“మాట్లాడాను” అన్నాను. అబద్ధం కాదు. ఇంత శుభ్రమైన నిజం నేను జీవితంలో ఆడలేదు.

సోమవారం సాయంత్రం ఆవిడ క్రెష్ నుంచి రోజూకంటే ఆలస్యంగా వచ్చింది. చేతిలో కేకు పెట్టె. మొహం వెలిగిపోతోంది. “ఏవండీ, బోర్డు మీద పట్టీ వేసేశారు, ‘అమ్మకం ఖాయం’ అని! ట్రామ్‌లోంచి కనిపించింది. దిగి వెళ్ళాను. తలుపు కొడితే ఎవరూ పలకలేదు, పాపం వెక్స్‌ఫర్డ్ వెళ్ళినట్టుంది. అటుగా పోతున్నావిడని అడిగి ఫోటో తీయించుకున్నా.” ఫోను నా చేతికిచ్చింది. బోర్డు పక్కన నిలబడి ఉంది. చున్నీ సర్దుకుని, బోర్డు కమ్మీ మీద చెయ్యి వేసి, సొంత ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడి ఉంది. “మనదేగా?”

ఆ ఫోటో చూస్తూ నేను ఎంతసేపున్నానో తెలీదు. తలెత్తేసరికి ఆవిడ మొహం మారిపోయి ఉంది. నేను ఇంకా నోరు తెరవలేదు. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషికి మనం నోరు తెరవాల్సిన పని ఉండదు.

“ఏం చేశారు?” అంది.

చెప్పాను. వీధిపోటు, దిక్సూచి, పెళ్ళిళ్ళు, మంగళవారం. చెప్తుంటే నాకే, పనిలేనివాడు ఎవరో పనిగట్టుకుని అల్లిన కథలా ఉంది. ఎక్కడైనా నవ్వుతుందేమోనని రెండుమూడుచోట్ల కొంచెం పెంచి కూడా చెప్పాను. నవ్వలేదు. కేకు పెట్టెకి కట్టిన దారం విప్పి, వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

“నాకోసమే అడిగారా?” అంది చివరికి.

“నీ ఆరోగ్యం గురించే...”

“మా నాన్న కూడా అదే అనేవాడు.”

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఏజెంటుకి ఫోను చేశాను, బతిమాలాను. ఎవరో జంట శనివారం పొద్దున్నే సరేనన్నారట, సంతకాలు కూడా అయిపోయాయట. ముసలావిడ శుక్రవారం సాయంత్రం దాకా ఆగిందని ఆయనే చెప్పాడు. అడక్కపోయినా చెప్పాడు.

మంగళవారం తెనాలినుంచి సిద్ధాంతిగారు తనంతట తనే ఫోను చేశారు. పదిహేనేళ్ళలో ఆయన నాకు చేసిన మొదటి ఫోను. అప్పుడే ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. చేతికి అన్నం ఉందని స్పీకర్లో పెట్టాను. ఆ తెలివికి నన్ను ఏం చేసినా పాపం లేదు.

“ఫోటోలు చూశానయ్యా. దీనికి ఇంత కంగారు దేనికి? అది వీధి కాదు, మనుషులు నడిచే దారి కాదు. పైగా ఇంటి దాకా రాకుండానే వంపు తిరుగుతోంది కదా, పోటు ఎక్కడిది? తూర్పు గుమ్మం, ఈశాన్యం ఖాళీ, నిక్షేపంలాంటి ఇల్లు. ఇల్లాలికి మరీ మంచిది. కళ్ళు మూసుకుని తీసుకో.”

మా అమ్మాయి కంచంలోంచి తలెత్తలేదు. మా ఆవిడ లేచి, ఫోను దగ్గరికి వంగి, “మంచిదండీ సిద్ధాంతిగారూ, చాలా థాంక్సండీ. పిన్నిగారిని అడిగానని చెప్పండి” అని, పెరుగు గిన్నె తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

లీజు అయిపోయింది. ఆ లైను పొడుగునా ఇరవై మైళ్ళు వెతికాను, ఆ లైను అంత పొడుగు లేదు కూడా. మాకు ఒక్క గది దొరకలేదు. మా కంపెనీకి లిమరిక్‌లో ఇంకో ఆఫీసు ఉంది. అక్కడికి బదిలీ అడిగి, ఊరి బయట కొత్తగా వేసిన ఇళ్ళల్లో ఒకటి తీసుకున్నాం. పక్కా తూర్పు ముఖం. ఏ వైపునుంచీ ఏ పోటూ లేదు. పోటు ఉండాలంటే దారి ఉండాలి కదా. ఆసుపత్రి, యూనివర్సిటీ, బజారు, అన్నీ ఉన్న మంచి ఊరే. మా ఇంటినుంచి వాటిలో ఏ ఒక్కదానికీ కారు లేకుండా పోలేం. బస్సు ఉందన్నారు. దాని స్టాపు దాకా ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడవాలి. కార్లు భుజం రాసుకుంటూ పోతాయి. అక్కడ ఒంటరిగా పడిపోతే కోటు మడిచి తల కింద పెట్టడానికి మనిషే ఉండడు. మొదటి వారం ఒకసారి నడిచి చూసింది. చెప్పులకి అంటిన మట్టి కడుక్కుని లోపలికి వచ్చింది. మళ్ళీ వెళ్ళలేదు.

క్రెష్ ఉద్యోగం పోయింది. మా అమ్మాయిని స్కూలు బస్సు వచ్చి ఎక్కించుకు పోతుంది. నేను కారులో పోతాను. తొమ్మిదింటికి ఆ ఇంట్లో మిగిలేది ఆవిడ ఒక్కతే. గుంటూరులో కనీసం పిన్నీ మేనత్తా ఉండేవారు. మొదట్లో కారెక్కినప్పుడు డాష్‌బోర్డు మీద వేలితో రెండుసార్లు కొట్టేది, పోనియ్యమని. నేను “రైట్ రైట్” అనేవాణ్ణి. మా అమ్మాయి కళ్ళు తిప్పేది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

కిందటి శీతాకాలం పాస్‌పోర్టు పని మీద ఒక్కణ్ణే డబ్లిన్ వెళ్ళాను. పని అయిపోయాక కాళ్ళు ఎక్కడికి తీసుకెళ్ళాయో చెప్పక్కర్లేదు. ముందు పెట్టెలో, డ్రైవర్ గది అద్దం వెనకాలే నిలబడ్డాను. తొమ్మిదేళ్ళు ఆ బండి ఎక్కాను గానీ ఎప్పుడూ ముందుకి చూడలేదు, ఫోన్లోకి చూసేవాణ్ణి. గట్టు మీదికి వచ్చేసరికి ఆ ఇల్లు ఎదురుగా కనిపించింది. తిన్నగా దానిమీదికే పోతున్నాం. గేటు, గుమ్మం, కిటికీ. ఇదిగో, గుద్దేస్తాం అనుకునేలోగా బండి ఎడమకి వంగింది. నా కాళ్ళ కింద వంగిన సంగతి కూడా సరిగ్గా తెలియలేదు. టీ కప్పులో టీ తొణకదు, అంత మెత్తని వంపు.

వంపులో పెరడు కనిపించింది. ట్రామ్ లేదు. దాని చోట బూడిదరంగు పలకలు పరిచారు. గోడవారగా చెత్త వేసే ఇనప స్కిప్పులో విరిగిన చెక్కలు, వాటి మధ్య ఒక సీటు తలకిందులుగా. దాని వీపు ఇటా అటా అన్నది చూసేలోపు బండి దాటిపోయింది. ఆ ఊరివాళ్ళు ఒకసారి పట్టాలు పీకేసి, తప్పు తెలుసుకుని, ఎన్నో ఏళ్ళకైనా మళ్ళీ వేసుకున్నారు. ఊళ్ళకి ఆయుష్షు ఎక్కువ, వాటికి ఆ సావకాశం ఉంటుంది. మా ఆవిడకి నలభై ఐదు.

ఇంటికొచ్చాక చూసింది చెప్పలేదు. పాస్‌పోర్టు పని అయిందని మాత్రం చెప్పాను.

మొన్న పొద్దున నేను బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే, ప్లేట్లు తుడిచి ప్రెస్‌లో సర్దుతూ, “ఊళ్ళో లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చదివేవాళ్ళు కావాలట. రేపు వచ్చి మాట్లాడమన్నారు. ఎప్పుడు తీసుకెళ్తారు?” అంది. చాలా మామూలుగా అడిగింది. ఇప్పుడు రోజుకొకసారి ఆ మాట అడుగుతుంది. అడిగే ముందు నా మొహం, తర్వాత గడియారం చూస్తుంది.

“రేపు ఆఫీసులో కొత్త ప్రోగ్రాము రిలీజ్ ఉంది, కదల్లేను. మంగళవారం తీసుకెళ్తాలే” అన్నాను.

అన్నాక ఆ ‘మంగళవారం’ నాకే వినిపించింది. ఆవిడ చేతిలో ప్లేటు కొంచెంసేపు ఆగింది. వెనక్కి తిరగలేదు. ప్లేటుని మిగతా ప్లేట్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, ప్రెస్ తలుపు మూసి, “గ్రాండ్” అంది.